నల్ల ప్యాంటులో నీలం ముక్క

ఆ వీధిలో ఎవరి నడుము ఎంతో పుస్తకం చూడకుండా చెప్పగలిగిన మనిషి టైలర్ మాస్టారొక్కరే. బ్యాంకు మేనేజరు నడుము, బేకరీ ఆసామి మెడ, పోస్టుమ్యాను చేతి పొడవు, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఒక్క తన నడుము సంగతే తెలియదు. కొలతల పుస్తకంలో అందరికీ తలా ఒక పేజీ ఉంది కానీ, ఆ పుస్తకం రాసే మనిషికి మాత్రం పేజీ లేదు. ముప్ఫై ఏళ్ళలో ఆ అవసరం రాలేదంటారు ఆయన. రాలేదా, రానివ్వలేదా అన్నదే ఈ కథ.

దుకాణం మొదటి అంతస్తులో ఉంటుంది. రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, వీధివైపు చిన్న కిటికీ, బల్లమీద ఎప్పుడూ వెలుగుతుండే పసుపు దీపం. కింద బేకరీ. పైకి వచ్చే ప్రతివాడూ బన్నుల వాసన పీలుస్తూనే మెట్లెక్కాలి. రెండో మిషను దగ్గర కూర్చుని కాజాలు, గుండీలు కుట్టేది, అంచులు మడిచేది గుండీలక్క. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. వయసులో మాస్టారికన్నా ఆరేళ్ళు పెద్దది, మాటలో పదేళ్ళు పెద్దది.

మాస్టారి పనిలో ఒక పద్ధతి ఉంది. ప్యాంటు వెనక కుట్టులో మిగతా టైలర్లు వేలెడు గుడ్డ వదిలితే ఈయన రెండు వేళ్ళు వదులుతారు. "లోపల గుడ్డ ఉంచానండీ. ఒళ్ళొచ్చినా భయం లేదు, పట్టుకొస్తే పది నిమిషాల్లో వదులు చేసిస్తా" అని బట్టలిచ్చేటప్పుడు ప్రతివాడికీ చెప్తారు. జనానికి ఆ మాటంటే భలే ఇష్టం. ఇక తన ప్యాంట్లకైతే నాలుగు వేళ్ళు వదులుకుంటారు. మామూలు మనిషికి ఒళ్ళొస్తే ముందుగా చెప్పేది ప్యాంటే. మొహమాటం లేకుండా, పొద్దున్నే, మొహం మీదే చెప్తుంది. మాస్టారి ప్యాంటుకు ఆ స్వాతంత్ర్యం లేదు. అది బిగిసిన రోజున, గుండీలక్క మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళేదాకా ఆగి, గళ్ళ లుంగీ చుట్టుకుని, ప్యాంటు కుట్టు విప్పి, అర వేలు వదిలి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి తొడుక్కునేవారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు సాగిపోయేది వ్యవహారం.

సూదిలో దారం ఎక్కించడంలో మాస్టారికి కాస్త గర్వముండేది. దారం కొస నాలికతో తడిపి, ఎదుటివాళ్ళతో మాట్లాడుతూనే ఒక్కసారికి ఎక్కించేసేవారు. కొన్నాళ్ళకు ఆ ఒక్కసారి రెండుసార్లయింది, రెండు నాలుగయింది. ఒకరోజు ఏడుసార్లు గురిచూసి, విసిగిపోయి, సూది గుండీలక్క వైపు చాపారు.

"అక్కా, దీని బెజ్జం పూడుకుపోయినట్టుంది, చూడు."

ఆవిడ తీసుకుని ఒక్కసారికే ఎక్కించి వెనక్కిచ్చింది. "బెజ్జం బాగానే ఉంది మాస్టారూ. మీ కళ్ళు చూపించుకోండి."

కళ్ళ డాక్టరమ్మ కంట్లో లైటు వేసి చూసింది, రక్తం పరీక్ష చేయించింది. కాగితం వచ్చాక కూర్చోమంది. "ఇది కళ్ళజోడుతో పోయేది కాదండీ. ఒంట్లో షుగరు బాగా పెరిగిపోయింది, అది కంటి లోపలి పొరను పాడుచేస్తోంది. మాత్రలు నేనిస్తాను, నోరు మాత్రం మీరే కట్టుకోవాలి. ఇప్పుడు అదుపులో పెట్టుకుంటే ఉన్న చూపు నిలబడొచ్చు, ఈ మసక కొంత తగ్గొచ్చు. పెట్టుకోకపోతే..." అని ఆగి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

"టైలర్నండీ."

ఆవిడ ఇంకేమీ అనలేదు. అనకపోవడమే మాస్టారిని భయపెట్టింది.

ఇంటికొచ్చి భార్యకు సగమే చెప్పారు. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. లెక్కల టీచర్ని చేసుకున్నవాడు అబద్ధమాడాలంటే ముందు బాగా ఆలోచించుకోవాలి. అందుకని మాస్టారు అబద్ధమాడలేదు, సగం నిజంతో సరిపెట్టారు. "కాస్త షుగరుందట" అన్నారు. "మరి కళ్ళకేమన్నారండీ?" అంటే, "వయసు" అన్నారు. ఆ మర్నాటి నుంచే ఆవిడ కప్పుతో కొలిచిన అన్నం, ఉడికించిన కూరగాయలు, ఒక గుడ్డు బాక్సులో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది.

మాస్టారు గొప్ప ఆరంభశూరులు. సోమవారం మొదలుపెట్టారు. నాలుగు రోజులు టీలో చక్కెర మానేశారు, మెట్లెక్కేటప్పుడు ముక్కు మూసుకున్నారు. ఐదోరోజు బ్యాంకు మేనేజరు తన కూతురు పరీక్ష పాసైందని కేకు పట్టుకొచ్చాడు. వద్దంటే ఏమనుకుంటాడో అని ఒక ముక్క తిన్నారు. అంతవరకూ ఎవరైనా చేసే పనే. ఆ తర్వాతది మాస్టారి సొంత తెలివి. ముక్క గొంతు దిగగానే, "ఇవాళ ఎలాగూ తప్పిపోయింది, ఇంకేముంది" అనుకున్నారు. "మునిగినవాడికి చలేమిటి" అని పైకే అని, డబ్బాలో మిగిలిన కేకంతా తినేశారు. కిందికి దిగి రెండు బన్నులు తిన్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న బాక్సు గుండీలక్క చేతిలో పెట్టి, మళ్ళీ సోమవారం నుంచి చూద్దామన్నారు. సోమవారం రావడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ నోటికి సెలవన్నదే లేదు.

ఇంకోసారి పంతొమ్మిది రోజులు నెగ్గుకొచ్చారు. మసక కొంచెం విడినట్టనిపించింది, దారం రెండోసారికే ఎక్కింది. ఆ సంతోషం పట్టలేక ఏం చేశారనుకున్నారు? బేకరీకి వెళ్ళారు. బాగుపడినందుకు తనకు తానిచ్చుకున్న బహుమతి అది! మర్నాడు ఇంకో సోమవారం వెతుక్కున్నారు.

పోనీ ఆయన నోట్లో ఎవరైనా బలవంతంగా కుక్కారా అంటే, లేదు. కట్టుకున్నావిడ నోటికి రుచిగా వండలేదా అంటే, ఉప్పూ కారం సరిచూసి మరీ వండేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇల్లూ ఆయనే, దొంగా ఆయనే. అలా ఏడాది గడిచింది. డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న తేదీలన్నీ దాటిపోయాయి. భయమున్నచోటికి మనిషి కాళ్ళు కదలవు కదా.

ఇలా ఉండగా భార్య పనిచేసే స్కూల్లో బహుమతుల సభ వచ్చింది. టీచర్ల ఇళ్ళవాళ్ళనూ పిలిచారు. మాస్టారు ముందురోజు దుకాణంలో తన నల్ల ప్యాంటు తొడిగి చూసుకుంటే గుండీ కాజా దాకా రాలేదు. మామూలుగా కుట్టు విప్పారు. చూస్తే లోపల వదలడానికి గుడ్డ లేదు. నాలుగు వేళ్ళూ అయిపోయాయి. క్షణం సేపు దిక్కు తోచలేదు. కానీ చేతిలో పని ఉన్నవాడికి మార్గాలకు కొదవా? కత్తిరింపుల సంచిలోంచి నల్లగుడ్డ ముక్క ఏరి, వెనక కుట్టు మధ్యలో పొడుగ్గా అతికించి, అణిచి ఇస్త్రీ చేశారు. పసుపు దీపం కింద ముక్క కలిసిపోయింది. తన పనితనాన్ని తనే మెచ్చుకున్నారు.

మర్నాడు సభ ఆరుబయట, ఎండలో. మాస్టారు ముందు వరుస దాకా నడిచి వెళ్ళారు. భార్య వెనక నుంచి వస్తోంది. నల్ల ప్యాంటు మధ్యన నడుము నుంచి కిందికి నిలువుగా ముదురు నీలం ముక్క, ఎండలో మెరుస్తూ. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ గబగబా ముందుకొచ్చి, తన శాలువా ఆయన చేతికిచ్చి, "భుజమ్మీద కాదు, వెనక్కి వేలాడేలా వేసుకోండి" అంది. ఎందుకని అడిగితే, "ఇంటికెళ్ళాక చెప్తాను" అంది.

ఇంటికి రాగానే ఆవిడ ఆ ప్యాంటు తిరగేసి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. కుట్టు లోపల పక్కపక్కనే సూదిపోట్ల గీతలు కనిపించాయి. విప్పిన కుట్టు పోయినా దాని బెజ్జాలు గుడ్డలో ఉండిపోతాయి. ఆవిడ వేలితో తడుముతూ లెక్కపెట్టింది.

"ఏడున్నాయి. ఏంటండీ ఇవి?"

"మొదటి రెండూ పాతవి. మిగతా ఐదూ సోమవారాలు" అన్నారు మాస్టారు, నేల చూస్తూ.

"మరి ఈ నీలం ముక్క?"

"నీలమేంటి? నలుపు కదా."

"నీలమండీ."

మాస్టారు ప్యాంటు తీసుకుని ఎండకు పెట్టి చూశారు. నీలమే. నల్లదారాల కుప్పలోంచి నీలం పోగు ఏరగల మనిషి ఆయన.

"దీపం కింద రెండూ ఒకలాగే కనిపించాయి నాకు" అన్నారు.

ఆవిడ మొహం మారిపోయింది. "ఆ రోజు డాక్టరమ్మ ఏమంది? ఈసారి మొత్తం చెప్పండి."

చెప్పారు. "సూది కనపడకపోతే నేనింకేం చేస్తానే? నాకింకేం వచ్చు?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. ఆయన చేయి పట్టుకుని, "రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికెళ్దాం. ఇకమీదట తింటే తినండి, నేనేమీ అనను. కానీ ఏం తిన్నారో, ఎంత తిన్నారో ఆ సాయంత్రమే నాకు చెప్పాలి. సోమవారం మాట మాత్రం ఈ ఇంట్లో వినపడకూడదు" అంది.

డాక్టరమ్మను కలిసి వచ్చాక మాస్టారు దుకాణానికెళ్ళి, నీలం ముక్క ఊడదీసి, బీరువాలో మిగిలున్న అదే ప్యాంటు గుడ్డలోంచి కొత్త ముక్క కత్తిరించారు. గుండీలక్క చేత నడుము కొలిపించుకున్నారు. ఆవిడ అంకె చదివితే ఒక క్షణం కళ్ళు మూసుకుని, "పుస్తకంలో నాకో పేజీ తీసి రాయి" అన్నారు. కుట్టడం అయ్యాక వెనక కుట్టు లోపల మిగిలిన గుడ్డను వేలెడు కూడా ఉంచకుండా కత్తెరతో కత్తిరించేశారు.

గుండీలక్క లబలబలాడింది. "అదేంటి మాస్టారూ! లోపల గుడ్డ లేకపోతే రేపు బిగిస్తే ఏం చేస్తారు?"

"బిగుతుగా ఉంటుంది" అన్నారు మాస్టారు.

దాంతో బుద్ధి మారిపోయిందనుకునేరు. బుద్ధి అంత తేలిగ్గా మారితే ప్రపంచంలో ఇన్ని సోమవారాలెందుకు? మూడు వారాలు సాఫీగా గడిచాయి. ఒక మధ్యాహ్నం బేకరీ ఆసామి కోటు తొడిగి చూసుకోవడానికొస్తూ, ఊరికే రాక, పొయ్యిలోంచి అప్పుడే తీసిన బన్నులు నాలుగు పట్టుకొచ్చాడు. వేడిగా ఉన్నాయి. మాస్టారు ఒకటి తిన్నారు. ఆసామి వెళ్ళిపోయాడు. మాస్టారు రెండోది అందుకున్నారు. "మునిగినవాడికి..." అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

పక్కన గుండీలక్క ఒక ప్యాంటు అంచు మడిచి కుడుతున్నదల్లా ఆగింది. బ్లేడు తీసి టక్కుమని రెండు కుట్లు కోసి, దారం పీకి, మళ్ళీ కుట్టుకుంటూ పోయింది.

"ఏమైందక్కా?"

"రెండు కుట్లు వంకరపోయాయి."

"అంచంతా విప్పలేదేం?"

గుండీలక్క తలెత్తి, ఈయనకేమైనా మతిపోయిందా అన్నట్టు చూసింది. "వంకరపోయింది రెండైతే అంతా ఎందుకు విప్పుతాను? నాకేమైనా పిచ్చా? ఈ పని నేర్పింది మీరే కదా మాస్టారూ!"

నేర్పింది ఆయనే. ముప్ఫై ఏళ్ళుగా తప్పిన కుట్టును తప్పినంత మేరే విప్పినవాడు, ఒక్క ముక్క కేకుకి వారమంతా విప్పి పారేసేవాడు. మాస్టారు చేతిలోని బన్ను కేసి చూశారు. తినాలని చాలా ఉంది, అది అబద్ధం కాదు. దాన్ని కాగితంలో పెట్టి, పొట్లం గుండీలక్క వైపు జరిపారు.

"ఇంటికి తీసుకెళ్ళక్కా, మనవలు తింటారు."

తర్వాత తన బాక్సు మూత తీసి చల్లారిపోయిన కూరగాయలు తిన్నారు. ఏమంత రుచిగా లేవు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మాస్టారు చెప్పులు విప్పి, గుమ్మంలోనే నిలబడి, "ఇవాళ బన్ను తిన్నాను" అన్నారు.

ఎర్ర పెన్ను ఆగింది. "ఎన్ని?"

"ఒకటి."

"ఒకటేనా?"

"ఒకటే. తర్వాత నువ్విచ్చిన బాక్సు తిన్నాను."

లెక్కల టీచరు కదా, మనిషి మొహం చూసి లెక్క సరిపోయిందో లేదో చెప్పగలదు. ఆవిడ పెన్ను మూత పెట్టి, పేపర్లు పక్కకు తోసి, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. అద్దాలకేమీ అంటలేదు. "కాళ్ళు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతుంది" అంది.

ఆ తర్వాత కూడా కుట్లు తప్పాయి. ఒక పెళ్ళిలో తప్పాయి, ఒక వానరోజు టీతో తప్పాయి. తప్పినప్పుడల్లా ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి చెప్పడమే. ఐదు నెలలకు డాక్టరమ్మ కంట్లో లైటు వేసి చూసి, పాడైనంత మేర పాడైపోయిందనీ, కొత్తగా పాడైంది మాత్రం లేదనీ చెప్పింది. మాస్టారు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఆ సాయంత్రం భార్య కూడా దుకాణానికొచ్చింది. వదులైపోయి బెల్టు మీద బతుకుతున్న ఆ నల్ల ప్యాంటు నడుము బిగించి కుట్టాలి. ఆవిడ సొరుగులోంచి రెండు దారపు రీళ్ళు తీసి, చెరో చేతిలో పెట్టుకుని పసుపు దీపం కిందకు చాపింది.

"ఏది నలుపు?"

గుండీలక్క మిషను ఆపింది. మాస్టారు చాలాసేపు చూశారు. ఎడమచేతిలోది తీసుకున్నారు. ఆవిడ ఊపిరి వదిలి, కుడిచేతిలోది సొరుగులో పెట్టేసింది.

మాస్టారు దారం కొస తడిపి సూది ఎత్తారు. తప్పింది. మళ్ళీ తప్పింది. ఎక్కింది.

"మూడు" అంది గుండీలక్క.

"మూడైతే ఏంటక్కా, ఎక్కింది కదా" అని మాస్టారు ప్యాంటు ఒళ్ళోకి లాక్కున్నారు.