అవ్వ వేళ్లకు దొరికిన ముళ్లు

మొన్న ప్రొద్దుటూరులో చేపల బుట్టల పక్కగా నడుస్తుంటే నీచువాసన తగిలి, జమ్మలమడుగులో మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వ మా నాయన తల్లి. ఆమెకు రెండు కళ్లూ కనిపించవు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు ఏడేళ్లు. పెన్నేటి చేపలు ఇంటికొస్తే ముక్కు మూసుకుని వీధిలోకి పరుగెత్తేదాన్ని. ఆ బురద రుచి నాకు పడేది కాదు.

"రేప్పొద్దున తిని చూడు అమ్మీ. చింతపులుసులో నాని నీచంతా పోయింటాది," అంది అవ్వ.

మరునాడు చద్ది సంగటిని పులుసులో అద్ది పెట్టింది. పుల్లగా, కారంగా బాగుంది. తర్వాతి ముద్దలో చిన్న చేపముక్క పెట్టింది. ఒక్క ముల్లూ తగల్లేదు! చూపున్న అమ్మ తీసి పెట్టినా నాయనకు ఒకటో రెండో తగిలేవి.

"అవ్వా, నీకు కండ్లు కనపడతాండాయి! అబద్ధం చెప్తాండావు!" అని అరిచాను.

అవ్వ పకపకా నవ్వింది. నేను ఆమె చెయ్యి లాగి చూశాను. వేళ్ల కొసల నిండా ముళ్లు గుచ్చుకున్న ఎర్రటి చుక్కలు, వాటిమీద కారం పులుసు.

"మంట ల్యాదా అవ్వా?"

"ఉంటాది. నీ గొంతులో గుచ్చుకునేదానికన్నా మేలు గదా. తిను."

తిన్నాను. చేపలంటే ఇష్టం మొదలైంది. ఆ చుక్కల సంగతి మాత్రం అమ్మకు చెప్పలేదు. చెబితే అవ్వ చేత ముళ్లు తీయడం మాన్పిస్తుందని నా భయం. ఆ ఏడేళ్ల పిల్ల స్వార్థానికి ఇప్పటికీ విస్తుపోతుంటాను.