ఇంట్లో ఒకటే దువ్వెన

మా పక్కింటి అక్క భర్త కార్తీకమాసంలో సముద్రం మీద చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. కొన్నాళ్లకు శ్రీహరికోట వైపు ఒక శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మొహం గుర్తుపట్టేలా లేదు. ఎముక ముక్క తీసి ల్యాబుకు పంపి, అక్కడే పూడ్చారు. ఆయనేనని తేలితే తవ్వి ఇస్తామన్నారు. అక్కకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ముసలి అత్త, మరిది కుటుంబం.

ఆ ఎముకతో పోల్చి చూడటానికి ఆయన వాడిన వస్తువు ఏదైనా ఇమ్మని పోలీసులు అడిగితే అక్క దువ్వెన ఇచ్చింది. వేపపుల్లతో పళ్లు తోముకునే మనిషికి బ్రష్షు ఎక్కడిది! నెలలు గడిచాక అది తిరిగొచ్చింది, అందులో చాలామంది వెంట్రుకలున్నాయని. అద్దం పక్కన దారంతో కట్టిన ఆ దువ్వెనతో ఇంటిల్లిపాదీ దువ్వుకుంటారు. చర్చికి వెళ్తూ నేనూ ఒకట్రెండుసార్లు దువ్వుకున్నాను. నా వెంట్రుక కూడా ల్యాబు చూసి వచ్చిందేమో.

నాకు నాన్నే ఇంట్లో బైబిలు ముందు పెట్టి చదువు చెప్పాడు. అర్థం కానిది అడగకుండా ఉండలేను. దువ్వెన తెచ్చిన కానిస్టేబుల్‌ని గుమ్మంలోనే పట్టుకున్నాను.

"మళ్లా వరస చివర నిలబడాల్నా అన్నా?"

"లేదమ్మా. తిరిగొచ్చినవి ఇప్పుడు ముందు చూస్తన్నారంట. తల్లి రక్తం చుక్క ఇస్తే చాలు, అట్టముక్క మీద ఆరబెట్టి పంపిస్తాం."

"తల్లి రక్తంలో కొడుకెట్టా కనబడతాడు?"

"బిడ్డలో సగం తల్లిదేనంట. ఆ సగం కుదిరిందా లేదా అని చూస్తారు."

అత్త ఒప్పుకోలేదు. "నేను రక్తమిస్తే వాడు పోయినాడని నేనే చెప్పినట్టు" అంటూ చేతులు కొంగులో దాచుకుంది. అక్క బతిమాలి అలసిపోయింది.

నేను ఆ ముసలామె పక్కన కూర్చున్నాను. "అవ్వా, ఆయనలో సగం నువ్వేనంట."

"సగమేంది మే? మిగతా సగం ఎవరు మోసినారు? ఆ ల్యాబోళ్లకి లెక్కలు రావా?"

అన్ని నెలల తర్వాత అక్క నవ్వింది. "అయితే వచ్చి ఆ మాటేదో నువ్వే చెప్పు అత్తా!"

మరునాడు ముగ్గురం మా ఊరు బోగోలు నుంచి నెల్లూరు ఆసుపత్రికి వెళ్లాం.

ఎండాకాలం చేపల వేట నిషేధం ముగియకముందే రిపోర్టు వచ్చింది. కుదిరిందని కానిస్టేబుల్ చెప్పగానే అక్క గోడకు చేరగిలబడింది. అవ్వ మాత్రం, "నా బిడ్డేనని తేలింది గదా, ఇంక నాకియ్యండి" అంది.

ల్యాబులో ఆ పని చేసినవారు ఆడో మగో తెలియదు. పేరు తెలియకుండానే వారి కోసం ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఆ సగాన్ని కళ్లతోనే చూస్తారా అని అడగాలని ఇప్పటికీ ఉంది.

ఆయన ఉన్న పెట్టె ఇంటికి వచ్చింది. అవ్వ దాని పక్కన కూర్చుని, సూది గుచ్చిన వేలితో చెక్కను తడుముతూ ఉండిపోయింది.