అక్క దినాన్ని మధ్యాహ్నం నుంచి కట్టేది

అక్క చివరిగా చేసిన పని ఫోన్లో ఒకాయనతో చెప్పుల గురించి వాదించడం.

శనివారం సాయంత్రం. నల్లగొండలో తన ఇంటి ముందు బండి కడిగి, తడిగుడ్డ అద్దం మీద ఆరేసి, గడపలో నిలబడి మాట్లాడుతోంది. అవతల హైదరాబాదు పెద్దమనిషి ఎవరో. మర్నాడు భార్యాపిల్లలతో వస్తానన్నాడు. పాత గుళ్ళు చూడాలి, అడవీ చూడాలి, రాత్రికి ఇంటికి చేరాలి.

"సార్, మడమల చెప్పులొద్దని మేడం గారికి చెప్పుండ్రి. కోటకాడ బండలు జారుతయి. పులా? పులి సంగతి నేను చెప్పలేను సార్, అది నా చేతుల లేదు. జింకలైతే కనబడ్తయి. ఎన్నింటికి ఏడుంటమో తర్వాత చెప్త. ముందుగాల మధ్యాహ్నం ఏడ కూసుంటమో అది వినుండ్రి."

ఆ తర్వాత ఆ సారుకు దినమంతా వివరించి చెప్పింది. గుడి, కోట, చెరువుకట్ట, అడవి. నేను వంటింట్లోంచి వింటూ ఉల్లిగడ్డలు తరుగుతున్నాను.

తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నది. బావ, నేను కలిసి దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. ఆమె ఫోను నా చేతిలోనే మోగింది. "బయలుదేరామమ్మా" అన్నాడు ఆ పెద్దమనిషి. సంగతి చెప్పాను. ఎప్పుడు, ఎట్లా అని అడిగాడు. తర్వాత, "నిన్న ఆమె చెప్పింది వింటుంటే వెళ్ళి చూసొచ్చినట్టే అనిపించిందండీ" అన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు చాలా మాటలు అన్నారు గాని, నేను దాచుకున్నది ఆ ఒక్కటే.

మా అక్క పేరు నాగరాణి. దేవరకొండ దగ్గరి ఊరు మాది. మా బాపు ఐలేశం గొర్ల కాపరి. ఎండాకాలం వచ్చిందంటే మందను నల్లమలకు తోలుకుపోయి, తొలకరికి తిరిగివచ్చేవాడు. చిన్నప్పుడు మేమిద్దరం ఊరి చుట్టుపక్కల ఆయన వెంట తిరిగినవాళ్ళమే. దినం ఎట్లా గడపాలో బాపు నేర్పిన పద్ధతి ఒకటుంది. పొద్దున లేచి ముందుకు చూడడు. నడి ఎండలో మంద ఎక్కడ పడుకోవాలో మొదట తేల్చుకుంటాడు. నీళ్ళు దగ్గర ఉండాలి, నీడ ఉండాలి, గాలి ఆడాలి. ఆ జాగా ఖాయమైతే పొద్దున ఏ దిక్కు మేపాలో, సాయంత్రం ఏ దారిన మళ్ళాలో దానంతట అదే తేలుతుందనేవాడు.

అక్కను నల్లగొండలో ఇచ్చాం. బావ ఎల్లేష్ కిరాయి కారు నడిపేవాడు. తెలంగాణ వచ్చిన ఏడు ఆయన నడుము పట్టేసింది. ఇక స్టీరింగ్ ముందు కూర్చోవద్దన్నారు డాక్టర్లు. బండి అమ్మేద్దామని అందరూ అన్నారు. అక్క వినలేదు. బావనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. "ఆడిదాని బండి ఎవడెక్కుతడు?" అని స్టాండులో ఎవరో అంటే, "ఎక్కనోడు నడిచొస్తడు" అన్నది. మరి ఆ మాట అన్నవాడి బిడ్డ పెండ్లికి బండి కట్టింది అక్కే.

మొదటిసారి ఒకే దినంలో గుళ్ళూ అడవీ రెండూ చూడాలని అడిగినవాళ్ళు ఇద్దరు బ్యాంకు ఉద్యోగినులు. అప్పటిదాకా మా దిక్కు వచ్చేవాళ్ళు భువనగిరి కోట ఎక్కి దిగి పోయేవాళ్ళు. పానగల్లు గుడికి వచ్చినవాళ్ళు గుడి చూసే పోయేవాళ్ళు. అడవికి పోయేవాళ్ళు శ్రీశైలం రోడ్డు మీద నేరుగా అటే పోయేవాళ్ళు. రెండూ కలవవని స్టాండులో డ్రైవర్లంతా తేల్చేశారు. అక్క ఆ రాత్రి అన్నం తింటూ, "డిండి కట్ట" అని ఒక్క మాట అన్నది. మధ్యాహ్నం ఆ చెరువు గట్టున. ఆ జాగాకు ముందు పానగల్లు, దేవరకొండ. తర్వాత మన్ననూరు, నల్లమలలోని ఫరహాబాద్ అడవి. దినం కట్టేసింది.

తోడుకు నన్నూ రమ్మన్నది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఆ ఇద్దరు మేడములూ చెరొక దిక్కు పోయి ఫొటోలు తీసుకుంటున్నారు. పొద్దెక్కుతోంది. అక్కకు ఆత్రం పుట్టింది. ఇద్దరినీ కేకేయబోయి, అలవాటు కొద్దీ నాలుక మడిచి మందను పిలిచే పిలుపు పిలిచింది. చెరువు దిక్కు మేస్తున్న గొర్లు తలలెత్తాయి. నాలుగైదు గుడి దాకా పరుగెత్తి వచ్చాయి. వాటి వెనుక కట్టె పట్టుకుని ఒక ముసలాయన.

"ఎవరే అది నా గొర్లను పిలిచేది?"

"నీ గొర్లను కాదు మామా, నా గొర్లను!" అని అక్క మేడములను చూపించింది.

వాళ్ళు నవ్వి నవ్వి మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆ దినం జింకలు కూడా కనబడ్డాయి గాని, వాళ్ళు హైదరాబాదు పోయి పదిమందికి చెప్పింది ఈ గొర్ల సంగతే. ఫోన్లు రావడం అప్పటి నుంచి మొదలైంది.

తర్వాత్తర్వాత పట్నంవాళ్ళే కాదు, మనవాళ్ళూ వచ్చారు. ఆలేరు నుంచి ఒక కిరాణా దుకాణం కుటుంబం వచ్చింది. కోస్గి నుంచి టీచర్లు వచ్చారు. పాలమూరంటే వలస, నల్లగొండంటే ఫ్లోరైడ్ నీళ్ళు అని విని విని, అదే నిజమనుకుని బతికినవాళ్ళం మేము. అక్క బండిలో తిరిగొచ్చినవాళ్ళు సాయంత్రం దిగేటప్పుడు వేరే మాట మాట్లాడేవాళ్ళు. అక్క ముఖం అప్పుడు చూడాలి.

ఇంత జరిగినా ఒక్కరు మాత్రం దీన్ని పని అని ఒప్పుకోలేదు. బాపు.

అడవిలో మేతకు రావద్దని ఫారెస్టువాళ్ళు మందలను ఆపేసిన తర్వాత ఆయన నల్లమల ముఖం చూడలేదు. మంద తగ్గించుకున్నాడు. పండక్కి అక్క ఊరికి పోయినప్పుడల్లా ఒకటే వాదన.

"పట్నపోళ్ళను కూసోబెట్టుకొని తిప్పుడు గూడ పనేనా? పనంటే కాళ్ళు నొయ్యాలె."

"చేతులు నొస్తె పని గాదా బాపూ?"

"గాదు."

"ఒక్క దినం నాకియ్యి. వాళ్ళను తిప్పినట్టె నిన్ను తిప్పుత. అయినంక చెప్పు, పనో కాదో."

"నన్ను ఎల్లగొట్టిన అడవికి టికెట్ కొనుక్కొని పోవాల్నా?"

"కొనేది నేను. నువ్వు ఉత్తగ కూసో."

రెండేండ్లు నడిచింది ఈ బేరం. అక్కకు ఊరి మెప్పుతో పని లేదు. స్టాండులో డ్రైవర్లు దారి అడిగి తెలుసుకునే స్థితికి వచ్చింది. కానీ దినం కట్టడం ఎవరి దగ్గర నేర్చుకుందో ఆయన నోటి నుంచి ఆ ఒక్క మాట రావాలని ఉండేది. నా దగ్గర దాచలేదు. చివరికి మా అమ్మ జానమ్మ, "మీరిద్దరు పోకుంటె నేనే పోత, నాకు గూడ అడివి చూడాలనే ఉంది" అని సంచి సర్దుకున్నాక బాపు కదిలాడు.

తెల్ల ధోతి, భుజాన గొంగడి, చేతిలో కట్టె. కట్టె బండిలో పట్టలేదు.

"ఇంట్ల పెట్టి రా బాపూ."

"కట్టె లేకుంట నేను రాను."

ముందు అద్దం నుంచి వెనుక సీటు దాకా ఏటవాలుగా పెట్టి, దాని కింద తల వంచుకుని దినమంతా కూర్చున్నది నేనే.

పానగల్లు గుడిలో పూజారి లింగం మీద పడే నీడను చూపించాడు. పొద్దెటు తిరిగినా అది అక్కడే ఉంటుందని చెప్పాడు. బాపు వంగి చూశాడు, బయటికి వచ్చి పొద్దు ఎటున్నదో చూశాడు, మళ్ళీ లోపలికి పోయాడు.

"నీడ కదలకుంటె మందను ఎప్పుడు లేపాలె?" అన్నాడు పూజారితో, నిజంగానే ఇబ్బంది పడుతూ. ఆయన బతుకంతా నీడ జరగడం చూసి గొర్లను లేపినవాడు.

పూజారి నవ్వాడు. బాపు అక్కడే ఒక స్తంభానికి ఆనుకుని కూర్చోబోయాడు. అక్క చేయి పట్టి లేపింది. "పోదాం బాపూ, అడవిల జీపులు మన కోసం ఆగవు."

దేవరకొండ కోట కింది దర్వాజాలు చూశాం. డిండి చేరేసరికి నడి ఎండ. వేపచెట్ల కింద అక్క బండి ఆపింది. బాపు దిగి నీడ చుట్టూ ఒకసారి నడిచాడు. కట్టెతో నేల పొడిచాడు. గాలి ఎటు నుంచి వస్తోందో ముఖం తిప్పి చూశాడు. అక్క రొట్టెల మూట విప్పుతున్నట్టే ఉంది గాని కళ్ళు ఆయన మీదనే ఉన్నాయి. ఆయన కట్టె చెట్టుకు ఆనించాడు. జొన్నరొట్టె, కోడిగుడ్డు పులుసు తిన్నాడు. గొంగడి పరుచుకుని పడుకున్నాడు. నిమిషంలో గురక.

"మీ బాపు కొత్త జాగల పగటాల నిద్రపోంగ నేనెన్నడు చూడలే" అన్నది అమ్మ మెల్లగా.

లేచాక అక్క అడిగింది. "నిద్ర మంచిగ పట్టినట్టుంది?"

"పులుసు ఎక్కువైంది" అన్నాడు.

ఫరహాబాద్‌లో ఫారెస్టువాళ్ళ జీపు ఎక్కాం. ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు బాపు. దుప్పుల గుంపు దారి దాటింది. అమ్మ చప్పట్లు కొట్టబోతే నేను ఆపాను. ఒకచోట ఆయన జీపు ఆపమన్నాడు. దిగడానికి లేదు పెద్దమనిషీ అన్నాడు జీపు డ్రైవరు, మర్యాదగానే. బాపు మళ్ళీ అడగలేదు. కొండ అంచు దగ్గర దిగనిచ్చారు. కింద అడవి కనుచూపు మేర పరుచుకుని ఉంది. కట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. అక్క పక్కన పోయి నిలబడింది.

"గొర్లు రాక చెట్లు మంచిగనే పెరిగినయి" అన్నాడు.

ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో మాకు తెలుసు. అక్క ఆయన గొంగడి సర్దింది.

తిరుగు దారిలో చీకటి పడే వేళకు, దేవరకొండ దీపాలు కనబడుతున్నప్పుడు, ఇక ఉండబట్టలేక అడిగింది. "ఎట్లుంది బాపూ?"

బాపు ఆలోచించాడు. మేమంతా ఎదురుచూశాం.

"గుడికాడ జర తొందరపెట్టినవ్."

"ఓరి దేవుడా! దినమంత తిప్పి తిండి పెడితె గిదేనా అనేది?" అని అమ్మ విరుచుకుపడింది. అక్క నవ్వింది. నవ్విందే గాని ఊరొచ్చేదాకా అద్దంలో వెనుకకు చూడలేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ఆ గుడిలో మరికాసేపు కూర్చోనిచ్చేది. "జర కూసోండ్రి, నీడను చూడుండ్రి" అనేది. ఆ పొద్దును సర్దడానికి దేవరకొండలో ఒక దర్వాజా తగ్గించింది. బాపు తప్పు పట్టాడంటే అది ఆలోచించి పట్టిన తప్పే అని ఆమె లెక్క.

కరోనా రెండో ఏడు బాపు పోయాడు. "ఆ ఒక్క మాట అనకుండనే పోయిండే చెల్లే" అన్నది అక్క, అంతా అయిపోయాక, గొంగడి మడత పెడుతూ. మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. పని పెంచుకుంది. ఇద్దరు ఆడపిల్లలకు బండి నేర్పింది. ఇప్పుడు నల్లగొండ స్టాండులో ఎవరిని అడిగినా ఆ దారిని 'రాణక్క రౌండు' అంటారు. ఎవరు కిరాయికి పోయినా మధ్యాహ్నానికి డిండి కట్ట మీదనే ఆపుతారు. ఎందుకు అక్కడే అని వాళ్ళను అడిగితే, రాణక్క అక్కడే ఆపేది అంటారు.

అక్క దశదినానికి ఊరి నుంచి దుర్గయ్య వచ్చాడు. బాపుతో కలిసి గొర్లు కాసినవాడు. భోజనం చేసి, చేతులు కడుక్కుని, అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"మీ అక్క తిప్పినట్టె మీ బాపు మమ్ముల తిప్పిండు బిడ్డా. ఎరుకేనా?"

నాకు తెలియదు.

"మీరు అడివికి పోయొచ్చిన వారానికే. నన్ను, ఎల్లస్వామిని, ఇంక ఇద్దర్ని. ఇంట్ల చెప్పొద్దన్నడు. పొట్టేళ్ళను చూడబోతున్నమని చెప్పినం."

ఆ పొట్టేళ్ళ ప్రయాణం నాకు గుర్తుంది. బాపు ఒట్టి చేతులతో వచ్చాడని అమ్మ తిట్టింది.

"బస్సుల తీస్కపోయిండు. గుడి చూపిచ్చిండు. ఆడ కూసుంటె లేవడు. దేవరకొండ బస్సు యాళ్లకు రాకపాయె. నడి ఎండ నెత్తి మీదికొచ్చేసరికి మేము బస్సుల నిలబడే ఉన్నం. డిండి కాడ దిగేసరికి నీడలు సాగినయి. మన్ననూరు పొయ్యేసరికి జీపులు బందు. బస్‌స్టాండుల పండుకున్నం. ఎల్లస్వామి ఊకుంటడా? 'ఏం తిప్పుడురా ఐలేశం, కాళ్ళు విరిగినయి, అడివి లేదు ఏం లేదు' అని ఒకటే లొల్లి."

"బాపు ఏమన్నడు?"

దుర్గయ్య చుట్ట వెలిగించుకున్నాడు.

"లొల్లి చెయ్యకురా, ఒక్క పొద్దుల ఇదంత చూపిచ్చుడు మనతోని అయితదా, అది నా బిడ్డ పని అన్నడు."