మామయ్యగారి మీగడ గిన్నె

మామయ్యగారికి పెరుగన్నంలో మీగడ లేనిదే ముద్ద దిగేది కాదు. ఆయన పోయాక కూడా అత్తయ్యగారు రోజూ పాల మీది మీగడ తీసి ఆయన గిన్నెలోనే వేసేవారు. తినేవాళ్ళు లేక అది ఫ్రిజ్‌లో పేరుకుపోయేది. చూస్తే నాకు విసుగొచ్చేది.

ఏడాది తిరగలేదని పండగలు మానేశాం. పాప పుట్టినరోజున మాత్రం అది ఏడుస్తుంటే చూడలేక, కేకు మీదికి చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే గనాష్ పూత మొదలుపెట్టాను. మా నిడదవోలులో ఆ పూట ఫ్రెష్ క్రీమ్ దొరకలేదు. ఆ మీగడే వేడిచేసి చాక్లెట్ ముక్కల మీద పోశాను. గేదెపాల మీగడ కదా, గనాష్ విరిగి పైన నెయ్యి తేలింది. ఒళ్ళు మండి, వెన్న తీస్తున్నట్టు కవ్వంతో చిలికాను. ఇంకా పాడైంది. చివరికి వేడి పాలు చెంచాతో కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా తిప్పితే దారికొచ్చి, నిగనిగలాడింది.

"ఎలా కుదిరిందో చూడండి అత్తయ్యగారూ" అని పిలిచాను.

ఆవిడ గనాష్ వైపు చూడలేదు. సింకులో ఉన్న గిన్నె చూశారు.

"అంతా వాడేశావా అమ్మా?"

"ఎవరూ తినట్లేదు కదండీ."

ఆవిడ గిన్నె తోముకున్నారు. మర్నాడు పాలు కాగి చల్లారాక మళ్ళీ అందులోనే మీగడ తీశారు. ఈసారి ఫ్రిజ్‌లో పెట్టలేదు. తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నారు.