పూడిన ఊట

అటవీ కార్యాలయంలో గదులు ఊడ్చే ఆమెను అందరూ ‘అక్కా’ అనే పిలిచేవారు. ఆమె పుట్టింది ఆ అడవిలోనే. దాన్ని అభయారణ్యం చేసినప్పుడు ఆమెతో సహా అక్కడివాళ్లందరినీ బయటికి పంపేశారు.

ఒక వేసవిలో కొండ కింది ఊట ఎండిపోయి జంతువులు దాహంతో అల్లాడాయి. అధికారులు గోడమీది పటం ముందు తలలు పట్టుకున్నారు. అంతవరకూ ఆ గదిలో నోరు విప్పని అక్క చీపురు పక్కన పెట్టింది.

“అది ఎండలేదు సార్, పూడిపోయింది. ఏటా మేమే పూడిక తీసేవాళ్లం. మేం లేకపోతే ఎవరు తీస్తారు?”

పెద్ద అధికారి పటం వదిలి ఆమెవైపు తిరిగాడు. “ఇప్పుడు తీయగలవా అక్కా?” అన్నాడు.

“నా ఒక్కదానివల్ల కాదు, మావాళ్లంతా రావాలి. ఇకమీదట ఏటా రానిస్తామని కాగితం మీద రాసివ్వండి.”

ఆయన రాసిచ్చాడు. నలభై మంది మూడు రోజులు బురద తవ్వారు. ఎక్కడ తవ్వాలో అక్క ముసలి మేనత్త గట్టున కూర్చుని చెప్పింది. అడవి విడిచి పదకొండేళ్లయినా ఆమె ఒక్క రాయినీ మరిచిపోలేదు. మూడో సాయంత్రం రాళ్ల సందులోంచి నీళ్లు ఊరాయి. అక్క దోసిలి పట్టి మొదట మేనత్తకు తాగించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్తే గట్టంతా గిట్టల గుర్తులే.

“మనకంటే ముందే తాగిపోయారు, మర్యాద తెలియనివాళ్లు” అంది అక్క వదిన.

అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.