ఒకే తేదీ ఫోటోలు

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక గుణశేఖర్‌కు ఫోటో స్టూడియో ఉంది. ఇరవై ఏళ్ళుగా చుట్టుపక్కల తెలుగిళ్ళలో పెళ్ళయినా, చెవులు కుట్టినా, మనిషి పోయినా కెమెరా అతనిదే. తీయడంలో చెయ్యి తిరిగినవాడే గాని, తీసినవాటిని సర్దడంలో ఒట్టి బద్ధకస్తుడు. చూసి చూసి విసుగెత్తిన కూతురు కీర్తిక ఈ మధ్య కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టి ఇచ్చింది. మెమరీ కార్డు పెడితే చాలు, ఏ రోజు ఫోటోలు ఆ రోజు ఫోల్డర్‌లోకి వాటంతటవే వెళ్ళి కూర్చుంటాయి. ఇక తాను కళ్ళు తెరిచి చూడనక్కరలేదనుకున్నాడు మహానుభావుడు.

కంబైనల్లూరులో ఎన్నో ఏళ్ళుగా పరిచయమున్న నంజమ్మ మనవరాలికి చెవులు కుట్టే రోజున తెల్లవారగానే అదియమాన్‌కోట్టై నుంచి ఫోన్ వచ్చింది. ఒక పెద్దాయన పోయాడు, శవాన్ని ఎత్తకముందే ఫోటోలు తీయాలి. కాదనలేక వెళ్ళాడు. అక్కడ ఆలస్యమైంది. చావింటి నుంచి వచ్చినవాడు తలస్నానం చేయకుండా శుభకార్యం జరిగే ఇంటి గడప తొక్కకూడదని అతనికి ఒకరు చెప్పాలా? కానీ ఇంటికెళ్ళి స్నానం చేస్తే ముహూర్తం దాటిపోతుంది. దారిలో టీకొట్టు దగ్గర తువాలు తడిపి ముఖం తుడుచుకుని, బండి పంక్చరైందని నంజమ్మకు చెప్పాడు. ఆమె అయ్యో పాపమని మజ్జిగ ఇచ్చింది. పాప తలలో జారిన పూలను తన చేత్తోనే సరిచేసి మరీ ఫోటోలు తీశాడు.

పది రోజుల తర్వాత ఆ తేదీ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తానే నంజమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. మొదటి ఫోటోలో దండల మధ్య, దవడకు గుడ్డ కట్టి, పెద్దాయన శవం. కింద తేదీ, ఉదయం ఎనిమిది యాభై. అలాంటివి నాలుగు దాటగానే మేనమామ ఒళ్ళో పాప. అదే తేదీ.

పాప తల్లి ఇళవరసి బిడ్డను దగ్గరికి లాక్కుంది. గుణశేఖర్‌కు తల కొట్టేసినట్టయింది. ప్రోగ్రాం కలిపేసిందని చెప్పబోయి ఆగాడు. పాపం అది తేదీ ఒక్కటే చూసింది. అబద్ధమాడింది తాను.

నంజమ్మ టీవీ ఆపింది.

"చావింటికి పోయింది తప్పు కాదప్పా," అంది మెల్లగా. "ఆ పొద్దు ఒక మాట చెప్పింటే మా తొట్టికాడనే నాలుగు చెంబులు పోసుకోనింటావు కదా. మేము అంతసేపు కాచుకోనింటాము. ఇన్నేండ్ల పళక్కం, పరిచయంలో ఆ మాత్రం చెప్పేదానికి నోరు రాలేదా?"

"తప్పయిపోయింది అత్తా," అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. భోంచేసి పొమ్మని ఆమె అంటూనే ఉంది, వినిపించుకోకుండా బయటికి వచ్చేశాడు.

బండి తీస్తుంటే పెరట్లోంచి పాప ఏడుపు వినిపించింది. ఇళవరసి బిడ్డ తల మీద నీళ్ళు పోస్తోంది.