కోలాటం ఆగకూడదని

ఈ మాట ఎవరితోనూ చెప్పలేదు. ఇంట్లో కూడా. చెప్పకపోతే అదే మరుగున పడుతుందనుకున్నాను. ఎక్కడ! ఏళ్ళు గడిచేకొద్దీ గొంతులో ముల్లులా ఇంకా లోపలికే దిగింది. నా పేరు మాత్రం అడగకండి.

అప్పుడు సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. మనవాళ్ళు గెలుస్తున్నారని మంథనిలో మా పార్టీ విజయ ర్యాలీ పెట్టింది. మా ఎమ్మెల్యే సార్ రావాలి, మైకు నా చేతిలో ఉంది. ముందు నడిచే కోలాటం జట్టుకు లక్ష్మి పెద్ద. ఆమె అడుగేస్తేనే మిగతా ఆడవాళ్ళు అడుగేస్తారు. ఆమె భర్త రాజన్న, మా వాడకట్టు మనిషే, బియ్యం లారీ తోలుకుని ఆ సరిహద్దు వైపే పోయి ఉన్నాడు.

ర్యాలీ కదలబోతుండగా అతని క్లీనర్ నాకు ఫోన్ చేశాడు. లారీలు ఆగినచోట బాంబు పడిందట. రాజన్న పోయాడట. "వదినెకు నువ్వే చెప్పన్నా" అని ఏడ్చాడు.

ఫోన్ జేబులో పెట్టుకున్నానో లేదో, లక్ష్మి ఎదురొచ్చింది.

"అన్నా, మా ఆయన ఫోన్ కలుస్తలేదు. నీకేమన్న చేసిండా?"

"సిగ్నల్ లేదేమో చెల్లె. గంత పరేషాన్ ఎందుకు? జల్ది నడువు, సార్ వస్తుండు."

సార్ వస్తుండట! ఆ నోరు పడిపోతే బాగుండేది. ఆమె ఏడ్చే ఘడియను కాస్త వెనక్కి జరుపుదామనుకున్నానా? చాలాకాలం నన్ను నేను అట్లాగే నమ్మించుకున్నాను. కాదు. ఆమె కూలబడితే కోలాటం ఆగుతుంది, కోలాటం ఆగితే ర్యాలీ చెడుతుంది, సార్ నా మొహం చూడడు, నాకు రావలసిన పార్టీ పట్టణ అధ్యక్ష పదవి ఇంకొకడికి పోతుంది. అంతే. మైకులో జై కొట్టాను. ఆమె నుదుటినిండా గులాల్‌తో నవ్వుతూ ఆడింది.

సాయంత్రం, అప్పుడే తెలిసినట్టు, వెళ్ళి చెప్పాను.

మర్నాడు పేపర్లో ఆమె నవ్వుతున్న ఫోటో వచ్చింది. "మొగడు సచ్చిన దినం గంతులేసింది" అని వాడకట్టంతా అన్నది. విన్నాను. నోరు విప్పలేదు. పదవి వచ్చింది, దండలు వేయించుకున్నాను.

లక్ష్మి మళ్ళీ కోలాటం కర్రలు ముట్టలేదు. కష్టంలో తోడున్నానని ఏటా నాకు రాఖీ కడుతుంది. కట్టినప్పుడల్లా అదే అడుగుతుంది: "గా దినం నా మనసుకు జరంతన్న ఎందుకు తెల్వలే అన్నా? నేను మనిషినేనా?"

ఏం చెప్పను? చెబితే రేపటినుంచి నా మొహం ఎట్లా చూస్తుంది? చెప్పకపోతే ఆమె తన మొహం తాను ఎట్లా చూసుకుంటుంది?

ఆమెకు తెలియక ఆడింది. నేను తెలిసి ఆడించాను. ఇదిగో, రాశాను. ఇన్నేళ్ళకు కాస్త ఊపిరి ఆడుతోంది.

రేపు రాఖీ పున్నం. లక్ష్మి వస్తుంది.